లిఫ్ట్ తలుపు కథ

ఆ ఆఫీసులో ముందుగా మాయమైంది కాఫీ మెషిన్. బాగుచేయడానికి తీసుకెళ్ళారన్నారు. వారం తర్వాత కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోసే మనిషి రావడం మానేశాడు. సెలవులో ఉన్నాడన్నారు. ఆ తర్వాత ఒకరోజు డైరెక్టరు అందరినీ పెద్ద హాల్లోకి పిలిచి, కంపెనీకి ఏమీ కాలేదని, ఎవరూ కంగారు పడనక్కర్లేదని అరగంటలో నాలుగుసార్లు చెప్పాడు. మొదటిసారి చెప్పినప్పుడు కొందరు నమ్మారు కూడా. నాలుగోసారికి వెనక వరుసలో నిలబడ్డవాళ్ళంతా ఫోన్లు బయటికి తీసి తమ బయోడేటాలు దిద్దుకోవడం మొదలుపెట్టారు.

ఆ వెనక వరుసలో కామా కూడా ఉంది. కామా ఆమె అసలు పేరు కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ప్రోగ్రాములో ఒకచోట కామా పెట్టడం మర్చిపోయి, ఆఫీసు మొత్తాన్నీ ఒక పూటంతా చేతులు ముడుచుకుని కూర్చోబెట్టింది. ఆనాటి నుంచి ఆ పేరే ఖాయమైపోయింది. చేరి రెండేళ్ళు కావస్తోంది. రెండేళ్ళ అనుభవమంటే ఉద్యోగాల బజారులో ఎటూ కాని వయసు. కొత్తవాళ్ళు కావాలనేవాళ్ళు మీరు పాతబడ్డారంటారు, అనుభవం కావాలనేవాళ్ళు మీరింకా పచ్చిగా ఉన్నారంటారు. కామా అప్పటికి తొమ్మిది చోట్లకు దరఖాస్తులు పెట్టి, తొమ్మిదింటి నుంచీ మర్యాదగా రాసిన ఒకేలాంటి జవాబులు అందుకుంది.

ఆమె పక్కసీటు మునిగారిది. అది కూడా ఆఫీసు పెట్టిన పేరే. గడ్డం లేదు, జపం లేదు, ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. కాని పెదవి విప్పడు. పొద్దున వచ్చి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం బస్సు వేళ దాకా ఆ మనిషి నోట పది మాటలు రావు, వచ్చిన పదిలో నాలుగు "ఊఁ"లు. కామాతో మాత్రం కాస్త మాట్లాడతాడు. "చెల్లెమ్మా" అంటాడు. ఆమె రాసిన కోడ్‌లో తప్పు కనిపిస్తే, ఎవరికీ వినపడకుండా కుర్చీ దగ్గరికి జరుపుకుని వేలితో చూపిస్తాడు, అంతే. ఆ రెండేళ్ళలో ఆమె నేర్చుకున్న పనిలో సగానికి పైగా ఆ వేలు చూపించిందే.

పనిలో అంతటి మనిషికి ఇంటర్వ్యూ అంటే చాలు, కాళ్ళూ చేతులూ చల్లబడతాయి. అప్పటికి పదకొండు చోట్ల తప్పాడు. అడిగిన ప్రోగ్రామ్ చక్కగా రాసిపెట్టి, దాని గురించి చెప్పమనేసరికి నీళ్ళు నమిలేవాడు. ఇంటి దగ్గర ఆయన మామగారికి రంగుల దుకాణం ఉంది. నెలాఖరు దాకా చూసి, ఉద్యోగం దొరక్కపోతే వచ్చి దుకాణంలో కూర్చోమని మామగారు తేల్చి చెప్పేశాడు.

"కూర్చుంటే తప్పేముంది అన్నయ్యా? కొన్నాళ్ళు కూర్చోండి, మళ్ళీ వెతుక్కోవచ్చు" అంది కామా ఒకరోజు.

"ఒక ఏడాది ఖాళీ కనిపిస్తే ఎవరు పిలుస్తారు చెల్లెమ్మా?" అన్నాడు మునిగారు. "పిలిస్తేనే నేను మాట్లాడలేను. ఆ ఏడాది ఏం చేశారని అడిగితే ఇక అసలు మాట్లాడలేను. అక్కడ కూర్చున్నానంటే ఇక అంతే, మళ్ళీ ఇటు రాలేను."

ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం ఆమె అంతకు ముందెప్పుడూ వినలేదు. ఎలాగైనా ఈ మనిషికి మాట్లాడటం నేర్పించాలని అప్పటికప్పుడు నిశ్చయించుకుంది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ మెట్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళు. అందరూ లిఫ్ట్ ఎక్కేవాళ్ళే కాబట్టి ఆ మెట్లమీద దుమ్ము తప్ప ఎవరూ ఉండరు. కామా పై మెట్టు మీద ఇంటర్వ్యూ చేసే అధికారిలా కాలు మీద కాలేసుకుని కూర్చునేది. మునిగారు కింద మెట్టు మీద, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"మీరు పరిష్కరించిన వాటిల్లో అన్నిటికన్నా కష్టమైన సమస్య ఏమిటి?" అనేది కామా గొంతు మార్చి.

"టోకెన్ల సమస్య" అనేవాడు మునిగారు. అక్కడితో ఆగిపోయేవాడు.

నిజానికి ఆ టోకెన్ల సంగతి ఎవరైనా కుర్చీ ముందుకు జరుపుకుని వినదగ్గది. వాళ్ళ కంపెనీ ఆసుపత్రులకు టోకెన్ నంబర్లు ఇచ్చే ప్రోగ్రామ్ అమ్మేది. ఒక ఆసుపత్రిలో అప్పుడప్పుడూ ఇద్దరు రోగులకు ఒకే నంబరు వచ్చేది. నేను ముందంటే నేను ముందని వాళ్ళు కొట్టుకున్నంత పని చేసేవాళ్ళు. ఆర్నెల్లపాటు ఆఫీసులో కూర్చుని ఎంతమంది తల బద్దలు కొట్టుకున్నా కారణం దొరకలేదు. చివరికి మునిగారు ఎవరికీ చెప్పకుండా ఆ ఆసుపత్రికి వెళ్ళి, తనూ ఒక టోకెన్ తీసుకుని, రోగుల మధ్య బల్ల మీద మూడు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు విషయం తెలిసింది. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా జనం ఒక్కసారిగా బయటికి వస్తారు. రెండు కౌంటర్ల ముందుకూ సమానంగా చీలిపోతారు. ఇద్దరు గుమాస్తాలూ ఒకే క్షణంలో బటన్ నొక్కుతారు. ప్రోగ్రామ్ ఇద్దరికీ ఒకే నంబరు ఇచ్చేస్తుంది. ఆయన వెనక్కి వచ్చి నాలుగు లైన్లు రాశాడు. ఆ తర్వాత ఆ ఆసుపత్రిలో ఎవరూ కొట్టుకోలేదు. ఆ నాలుగు లైన్లనూ చదివి, సరిగ్గా ఉన్నాయని ఆమోదం బటన్ నొక్కింది కామా. ఈ వ్యవహారంలో ఆమె చేసిందల్లా ఆ ఒక్క నొక్కుడే.

"అలా మొదలుపెడితే ఎవరు వింటారు అన్నయ్యా? ముందు లిఫ్ట్ దగ్గర్నుంచి రావాలి" అంది కామా. "ఇలా చెప్పండి. 'ఒక లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా మా ప్రోగ్రామ్ తప్పు చేసేదంటే మీరు నమ్ముతారా?' అని అడగండి. అడిగి ఒక్క క్షణం ఆగండి. వాళ్ళే ముందుకు వంగుతారు."

మునిగారు ఆ వాక్యాన్ని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. అలా రోజుకో వాక్యం. బల్ల మీద కూర్చోవడం ఎక్కడ చెప్పాలో, గుమాస్తాల వేళ్ళు ఎలా చూపించాలో, నాలుగు లైన్ల మాట చివరికి ఎలా దాచిపెట్టాలో అంతా ఆమే చెక్కింది. వారం తిరిగేసరికి ఆ కథ ఆయన కంటే ఆమెకే బాగా వచ్చేసింది. అప్పుడే భయపడి ఉండాల్సింది. భయపడలేదు సరికదా, తన పనితనానికి తనే మురిసిపోయింది.

ఆ మరుసటి మంగళవారం కామాకు పదో దరఖాస్తు నుంచి పిలుపు వచ్చింది. గాజు గోడల గది, పొడుగాటి బల్ల, ఎదురుగా ఒక మేనేజరు. యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు తల మీదికి నెట్టుకుని కూర్చుంది. బోర్డు మీద రాయమన్న ప్రోగ్రామ్‌ను కామా తడబడకుండా రాసింది. ఆ తర్వాత ఆ ప్రశ్న వచ్చింది, అన్నిటికన్నా కష్టమైన సమస్య ఏమిటని.

కామా దగ్గర తన సొంత జవాబు ఒకటి ఉంది. నెమ్మదిగా తెరుచుకునే ఒక పేజీని త్వరగా తెరుచుకునేలా చేసింది. నిజంగా తనే చేసింది. కాని చెప్పడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే మేనేజరు చేతి గడియారం వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవులించింది. ఆ తొమ్మిది మర్యాదగల జవాబులూ వరుసగా కళ్ళ ముందు నిలిచాయి.

"ఇంకోటి చెప్పనా మేడమ్? ఒక లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా మా ప్రోగ్రామ్ తప్పు చేసేదంటే మీరు నమ్ముతారా?" అంది. అని, ఒక్క క్షణం ఆగింది.

మేనేజరు ముందుకు వంగింది. కళ్ళజోడు కిందికి దిగింది.

"మేము ఆ ఆసుపత్రికి వెళ్ళి..." అని కామా మొదలుపెట్టబోతే, "మీ జట్టు సంగతి వద్దమ్మా. మీరేం చేశారో అది చెప్పండి" అంది మేనేజరు.

అక్కడ ఆగిపోవచ్చు. ఇది మా అన్నయ్య చేసిన పని, నేను పక్కనుండి చూశాను అని చెప్పినా ఆవిడ వినేదే. కామా ఆగలేదు. మూడు రోజులు బల్ల మీద తనే కూర్చుంది, తనే టోకెన్ పట్టుకుంది, తనే నాలుగు లైన్లు రాసింది. ఎంత బాగా చెప్పిందంటే, చెబుతున్నంతసేపూ ఆ ఆసుపత్రి మందుల వాసన ఆమెకు నిజంగానే తగిలింది. ఆ ఆసుపత్రి గుమ్మం ఆమె ఏనాడూ తొక్కలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ కోడ్‌కు ఆమోదం ఇచ్చింది తనే కదా. కథగా చెక్కిందీ తనే కదా. అయినా ఆయన ఈ కంపెనీకి దరఖాస్తు పెట్టనే లేదు, ఆయనకు జరిగిన నష్టం ఏముంది? ఇలాంటి మాటలు ఎన్ని కావాలన్నా దొరుకుతాయి, బస్సు దిగేదాకా సరిపోయాయి.

శనివారానికి ఉద్యోగం ఖాయమైంది. వచ్చే నెల మొదటి సోమవారం చేరమన్నారు. సోమవారం ఆఫీసులో ఆ మాట చెబితే, అందరికంటే ఎక్కువ సంతోషించింది మునిగారే. కుర్చీలోంచి లేచి నిలబడి, ఏం చేయాలో తోచక మళ్ళీ కూర్చున్నాడు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని ఆ మనిషి ఆరోజు సాయంత్రం, బ్యాగు భుజాన వేసుకుంటూ, అటు చూస్తూ అడిగాడు.

"అక్కడ ఇంకేమైనా ఖాళీలున్నాయా చెల్లెమ్మా?"

ఉన్నాయి. ఉద్యోగం ఇచ్చిన ఉత్తరం అడుగునే, మీకు తెలిసినవాళ్ళుంటే పంపండి అని రాసి ఉంది. లేవని అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆరోజే సిఫారసు ఫారం నింపింది. ఆ వ్యక్తి గురించి రెండు ముక్కలు రాయమన్నచోట, నేను చూసినవాళ్ళలో ఇంతకు మించిన ప్రోగ్రామర్ లేరు అని రాసింది. రాసిన మాటలో పొల్లు లేదు. ఫారంలో అంత నిజం రాయగలిగిన మనిషి, పక్కసీటులో ఉన్నాయనకు ఒక్క నిజం చెప్పలేకపోయింది.

వాళ్ళు వెంటనే పిలిచారు. గురువారం ఇంటర్వ్యూ. బుధవారం మధ్యాహ్నం మెట్ల మీద కామా తల దించుకుని గోరుతో గోడ గీకుతూ అంది.

"అన్నయ్యా, రేపు ఆ లిఫ్ట్ కథ వద్దు. వేరేది ఏదైనా చెప్పండి."

"అదేంటి? నువ్వే కదా నేర్పావు?"

"నేర్పాననుకోండి. కాని... మరీ కథలా ఉంటుందేమో."

"నాకు వచ్చింది అదొక్కటే చెల్లెమ్మా" అన్నాడు మునిగారు. ఆ మాట అంటూ నవ్వాడు కూడా. "నేను ఎక్కడా ఆగకుండా చెప్పగలిగింది ఈ జన్మలో అదొక్కటే. ఇప్పుడు మార్చమంటే మళ్ళీ నోరు పడిపోతుంది."

చెప్పు, ఇప్పుడు చెప్పు, అని ఆమె లోపల ఎవరో పోరుతున్నారు. చెబితే ఆయన ముఖం ఎలా మారుతుందో తలుచుకుంది. ఆ కంపెనీలో ఇంకా ఎంతమంది మేనేజర్లు ఉన్నారో, అదే మనిషి ఇంటర్వ్యూ చేస్తుందని ఏముంది అనుకుంది.

"సర్లెండి. అదే చెప్పండి" అంది.

శుక్రవారం మునిగారు ఆఫీసుకు రాలేదు. శనివారం పొద్దున కామా బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. కొత్త ఆఫీసు మేనేజరే.

"మీ మంచికే చెబుతున్నానమ్మా, ఏమీ అనుకోకండి" అంది ఆవిడ. "ఎవరిని పడితే వాళ్ళని సిఫారసు చేయకండి. మీరు పంపినాయన వచ్చి కూర్చుని మీ లిఫ్ట్ కథే తన కథగా చెప్పాడు. మొదటి వాక్యంతో సహా! నేను నోరు తెరిచి చూస్తూ కూర్చున్నా. అంతా విన్నాక, ఇది నిజంగా మీరొక్కరే చేశారా అని అడిగా. ఆయన ఏమన్నాడో తెలుసా? మా చెల్లెమ్మ కూడా చాలా సాయం చేసిందండీ, తను లేకపోతే నావల్ల అయ్యేది కాదు అన్నాడు. ఏ చెల్లెమ్మ అంటే మీ పేరే చెప్పాడు. దొరికిపోయాక ఎలా జారుకున్నాడో చూడండి! కోడ్ బాగానే రాశాడు, పాపం. కాని అబద్ధమాడే మనిషిని తీసుకోలేం కదా."

తడి చీర ఒకటి కామా చేతిలోంచి జారి నేల మీద పడింది. చెప్పడానికి అదే ఆఖరి అవకాశమని ఆమెకు ఆ క్షణానే తెలుసు. తర్వాత తెలిసిరావడం కాదు, అప్పుడే తెలుసు.

"అవునా మేడమ్" అంది.

లోపల్నుంచి మేనత్త వచ్చింది. ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. కామా ఉండేది ఆమె ఇంట్లోనే.

"ఎవరే ఫోను? చీర మట్టిలో పడేసి ఆ నిలబడ్డమేంటి?"

"కొత్త ఆఫీసు వాళ్ళు అత్తా."

"ఏమంటారు? మంచి మాటేనా?"

"నన్ను మెచ్చుకున్నారు" అంది కామా. ఆ మాట కూడా నిజమే. నిజాలతోనే ఇంత అబద్ధం ఆడవచ్చని ఆమెకు ఈమధ్యే తెలిసొచ్చింది.

నెలాఖరుకు కంపెనీ మూతపడింది. డైరెక్టరు ఈసారి హాల్లోకి పిలవలేదు, ఉత్తరం పంపి ఊరుకున్నాడు. అందరూ వరుసలో నిలబడి ల్యాప్‌టాప్‌లు, గుర్తింపు కార్డులు అప్పగించారు. మునిగారు ముందురోజే వచ్చి తనవి ఇచ్చేసి వెళ్ళిపోయాడని స్టోరు గుమాస్తా చెప్పాడు. కామా ఫోన్ చేస్తే, "కుదరలేదు చెల్లెమ్మా, దుకాణంలో కూర్చుంటున్నా" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. ఆయన ఏమన్నా అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఏమీ అనకపోయేసరికి ఆమెకు తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. కొత్త ఉద్యోగం కోసం అత్త కొనిపెట్టిన బ్యాగు గోడకు వేలాడుతుంటే అటు చూడబుద్ధి కాలేదు.

ఆదివారం పదకొండింటికి రెండు బస్సులు మారి దుకాణానికి వెళ్ళింది. తెల్లారితే ఉద్యోగంలో చేరాలి. దుకాణం చిన్నదే. మూడు గోడలకూ పైకప్పు దాకా రంగు డబ్బాలు. ముందు బల్ల దగ్గర మామగారు. వెనకాల రంగులు కలిపే మిషను, దానికి తగిలించిన పాత కంప్యూటరు. మునిగారు ఆ కంప్యూటరు ముందు నిలబడి ఏదో రాస్తున్నాడు.

"బాబూ, దాంతో ఆటలాపి ముందా డబ్బా కలపవయ్యా" అంటున్నాడు మామగారు.

కామాను చూడగానే మునిగారి ముఖం వెలిగిపోయింది. స్టూలు తెచ్చి, గుడ్డతో దుమ్ము తుడిచి వేశాడు. కామా కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయపడింది.

"అన్నయ్యా, ఆ లిఫ్ట్ కథ అక్కడ నేను ముందే చెప్పేశాను. నేను చేసినట్టుగా చెప్పాను."

మునిగారు చేతిలో డబ్బా మూత పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఎప్పుడు?"

"మీకంటే తొమ్మిది రోజుల ముందు."

"లిఫ్ట్ తలుపు దగ్గర్నుంచే మొదలుపెట్టావా?"

"ఆఁ."

"నమ్మారా?"

"నమ్మారు."

మునిగారు చేతిలోని మూతను అటూ ఇటూ తిప్పాడు. మిషను గుర్రుమంటూ తిరుగుతోంది.

"నేను సరిగా చెప్పలేదేమో అనుకున్నా" అన్నాడు చివరికి. "ఎక్కడ తప్పానో తెలీక రోజూ అద్దం ముందు నిలబడి మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటున్నా. మా ఆవిడ నవ్వుతోంది కూడా."

కామాకు ఏడుపు ముంచుకొచ్చింది. చెంపలు తుడుచుకుంటూ గబగబా అంది. "నేను మేడమ్‌కి ఫోన్ చేసి నిజం చెప్పేస్తాను అన్నయ్యా. ఇప్పుడే చేస్తాను. మీరు ఊఁ అనండి చాలు."

నిజం చెప్పదలుచుకున్న మనిషికి ఎవరో ఊఁ అనడం ఎందుకు? ఫోన్ చేతిలోనే ఉంది, నంబరు అందులోనే ఉంది. మేడమ్ ఫోన్ చేసిన ఆ శనివారం నుంచి ఈ ఆదివారం దాకా ఎన్ని పగళ్ళు గడిచాయో ఆమెకు తెలుసు.

"వద్దులే. నీది పోతుంది, నాది రాదు. ఎందుకు?" అన్నాడు మునిగారు.

ఆ మాట వినగానే కామా గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఊపిరి హాయిగా ఆడింది. అలా ఆడిన మరుక్షణం ఆమెకు అర్థమైంది, తను రెండు బస్సులు మారి వచ్చింది నిజం చెప్పడానికి కాదని, ఈ వద్దు అనే మాట అడిగి తీసుకెళ్ళడానికని. తలెత్తి చూస్తే మునిగారు ఆమె ముఖమే చూస్తున్నాడు. రెండేళ్ళపాటు ఆమె రాసిన ప్రతి లైనులో తప్పు ఎక్కడుందో చూసిన కళ్ళవి. ఈసారి వేలు చూపించలేదు.

ఆయన చూపు తిప్పుకుని, డబ్బాకు మూత బిగించి, బల్ల మీద పెట్టాడు. మామగారు ఎవరికో ధర చెబుతున్నాడు.

"ఇక బయల్దేరండి" అన్నాడు మునిగారు మెల్లగా, ఎవరో కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు. "రేపు మీకు మొదటిరోజు కదా."

కామా బయటికి వచ్చి బస్సు కోసం నిలబడింది. మొదటి బస్సు వచ్చి ఆగింది, వెళ్ళిపోయింది. రెండోది ఎక్కింది. మర్నాడు తొమ్మిదింటికల్లా వెళ్ళి ఉద్యోగంలో చేరింది.